మట్టి మూటగట్టిన వాసన

తొలకరి కమ్మదనం వానది కాదు. వేసవంతా ఎండిన నేల గాలిలోంచి ఏరి దాచుకున్న ఆవిర్లది. అదే నేల పురుగుమందునీ పెట్రోలునీ కూడా అలాగే దాచుకుంటుంది. నీళ్లు తగిలిన రోజున బయటపెడుతుంది.

రోళ్లు పగిలే రోహిణి ఎండలు. నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. ఓ సాయంత్రం పడమటి దిక్కున మబ్బు పడుతుంది. చల్లగాలి తెర ఒకటి వీస్తుంది. మన వాకిట్లో ఇంకా చినుకైనా రాలదు. అరుగుమీద కూర్చున్న పెద్దాయన మాత్రం గాలి ఎగబీల్చి 'ఎక్కడో పడుతోందిరా' అంటాడు. అన్న పావుగంటకల్లా టపటపమంటూ నాలుగు చినుకులు. ఆ వెంటే గుప్పుమంటూ మట్టివాసన.

ఆ వాసన ఇష్టం లేనివాళ్లు అరుదు. అది ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే జవాబు చెప్పేవాళ్లూ అరుదే. వాననీటికి వాసన లేదు. శుభ్రమైన గ్లాసులో పట్టి చూస్తే తెలిసిపోతుంది. పోనీ మట్టిదా అంటే... నిన్న మిట్టమధ్యాహ్నం అదే మట్టిని గుప్పిట్లోకి తీసుకుని చూసినా ఏమీ తెలియలేదు. వాసన లేని నీళ్లు, వాసన లేని మట్టి... రెండూ కలిస్తే ఇంత పరిమళమా?

ఉంది కాబట్టే వచ్చింది. నిన్న కూడా అది ఆ మట్టిలోనే ఉంది. కాకపోతే మట్టి దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

పీల్చడం కాదు, పట్టడం

చెట్టూ చేమా గాలిలోకి వదిలేది ఆక్సిజన్ ఒక్కటే కాదు. ఆకులు, పూలు, బెరడు, జిగురు, రాలిన చెత్త... అన్నిట్లోంచీ రకరకాల నూనె ఆవిర్లు నిత్యం లేస్తూనే ఉంటాయి. వేపచెట్టు కింద నిలబడితే ఒకటి, నిమ్మతోటలోకి వెళితే ఇంకొకటి. ముక్కుకు తెలిసేవి కొన్నే, తెలియనివే ఎక్కువ. భూమ్మీది మొక్కలన్నీ కలిసి ఏడాదిలో ఇలా వదిలే ఆవిర్లు సుమారు వంద కోట్ల టన్నులని శాస్త్రవేత్తల అంచనా. తేలిగ్గా ఆవిరయ్యే ఈ కర్బన పదార్థాల్లో చాలామటుకు గాలిలోనే విరిగిపోతాయి. కొన్ని మాత్రం దుమ్మునీ, రాళ్లనీ, ఇటుకల్నీ, పెంకుల్నీ, నేలనీ తాకుతాయి. తాకినవాటిని ఎండిన మట్టి వదిలిపెట్టదు.

ఇక్కడో తేడా తెలుసుకోవాలి. నీళ్లలో ముంచిన గుడ్డ నీటిని తనలోకి లాక్కుంటుంది. అది పీల్చుకోవడం. గోడకి సున్నం వేస్తే సున్నం గోడలోకి పోదు, పైన పల్చగా పట్టుకుని ఉంటుంది. ఎండుమట్టి చేసేది ఈ రెండో పని. మట్టిరేణువు ఒంటిమీద ఆవిరి అణువులు పల్చటి పొరలా అంటుకుంటాయి. పిల్లల సైన్సు పుస్తకాల్లో దీన్నే అధిశోషణం అంటారు. పేరు నోరు తిరగదు కానీ పని చాలా సులువైనది. అంటుకోవడానికి చోటుంటే చాలు.

మరి మట్టిలో ఎంత చోటుంటుంది? వినడానికి వింతగానే ఉంటుంది. మన నల్లరేగడిలో ఎక్కువగా ఉండే బంకమన్ను ఖనిజం పేరు మాంట్‌మోరిల్లొనైట్. పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్క గ్రాములోని పొరలన్నీ విప్పి పరిస్తే దాదాపు 750 చదరపు మీటర్లు. మన లెక్కలో పద్దెనిమిది సెంట్ల పైచిలుకు స్థలం! చిటికెడు మట్టిలో ఓ ఇల్లూ దొడ్డీ కట్టుకునేంత జాగా అన్నమాట. అయితే మట్టి ఎండినప్పుడు ఆ పొరలు దగ్గరగా మూసుకుపోతాయి. కాబట్టి లోపలి జాగా అంతా ఆవిర్లకు అందదు. పైపైన మిగిలేది తీసుకున్నా గ్రాముకు కొన్ని పదుల చదరపు మీటర్లు. అది మాత్రం తక్కువా! ఎర్రనేలల్లో కనిపించే కేయొలినైట్ అనే బంకమన్నుకు ఇంత విస్తీర్ణం లేదు, గ్రాముకు పది నుంచి ముప్ఫై చదరపు మీటర్లు. ఇసుకకైతే లెక్కే లేదు. ఏటి ఇసుకమీద వాన పడితే ఊరి వాకిట్లో వచ్చినంత వాసన రాకపోవడానికి ఇదొక కారణం.

రిజర్వేషన్ ప్రయాణికుడు

జాగా ఉంది, ఆవిరి అంటుకుంది. మరి నీళ్లు తగలగానే ఎందుకు ఊడొస్తుంది?

రైలు ప్రయాణం తెలిసినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. సికింద్రాబాదులో ఖాళీగా కనిపించిన స్లీపరు బెర్తులో ఎవరో కూర్చుంటారు. కాజీపేటదాకా హాయిగా సాగుతుంది. అక్కడ అసలు టిక్కెట్టు ఉన్నాయన ఎక్కి 'కొంచెం లేస్తారా' అంటాడు. లేవక తప్పదు. మట్టిరేణువు ఒంటిమీద ఆ అసలు టిక్కెట్టు నీటిది. బంకమన్ను రేణువులకు విద్యుదావేశం ఉంటుంది. నీటి అణువుకి ఓ కొసన ధన, ఇంకో కొసన రుణ స్వభావం. అందుకని ఆ రెండింటికీ మహా పొత్తు. నూనె ఆవిర్లకు అంత పొత్తు లేదు. నీరు లేనంతకాలం కూర్చుంటాయి, నీరు రాగానే లేచిపోతాయి.

దీనికి వానే పడనక్కర్లేదు. గాలిలో తేమ పెరిగినా చాలు. అరుగుమీది పెద్దాయనకి పావుగంట ముందే తెలిసింది అందుకే. వానకంటే ముందు వచ్చే తేమగాలి దారిలో ఉన్న నేలనంతా తడుముకుంటూ వస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలకి ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. చేతిలోని రాయిలో బంకమన్ను ఉందో లేదో చూడాలంటే దానిమీద నోటితో 'హా' అని ఊది వెంటనే వాసన చూస్తారు. ఊపిరిలోని తేమకే మట్టివాసన బయటికొస్తుంది. వేసవి సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లినప్పుడూ, కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పుడూ జరిగేది ఇదే.

ఇంకో సంగతి. 'ఎండిన నేల' అని మనం అనేదంతా నిజానికి ఎండినది కాదు. పైరు వాడిపోయి ఇక తేరుకోలేని స్థితికి వచ్చిన చేలో కూడా మట్టి సందుల్లోని గాలిలో తేమ 99 శాతం దాకా ఉంటుంది! అంత తేమ ఉన్నచోట ఆవిర్లకు బెర్తులు దొరకవు. నిజంగా ఎండేది పైనున్న కొద్ది అంగుళాలే. ఎర్రటి ఎండకు కాగిపోయే ఆ పైపొరే ఈ కథకంతటికీ నాయిక.

రాళ్ల నెత్తురు

ఈ ముడి విప్పడానికి మొదట ప్రయత్నించినవాళ్లలో ఒకరు థామస్ ఫిప్సన్ అనే బ్రిటిష్ రసాయనవేత్త. మొక్కలు వదిలే పరిమళ తైలాల్లాంటివే ఎండిన నేల సందుల్లో చేరి, వానకు బయటికొస్తున్నాయని 1891లో రాశాడు. మాట సరైనదే. కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

డెబ్భై ఏళ్ల తర్వాత ఆస్ట్రేలియాలో ఇద్దరు పట్టించుకున్నారు. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్. ఆ దేశ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో పనిచేసేవారు. ఎండల్లో పడివున్న రాళ్లను తెచ్చి, ఆవిరి పట్టి, యూకలిప్టస్ ఆకుల్లోంచి నూనె తీసినట్టే రాళ్లలోంచి నూనె తీశారు. లేత పసుపురంగు నూనె. మూత తీస్తే వానవాసన! 1964లో 'నేచర్' పత్రికలో ఆ సంగతి ప్రకటిస్తూ దానికో పేరు పెట్టారు... పెట్రికోర్. గ్రీకు భాషలో 'పెట్రా' అంటే రాయి, 'ఇకోర్' అంటే దేవతల ఒంట్లో నెత్తురుకు బదులు పారే ద్రవం. ఈ పేరే ఇప్పుడు ప్రపంచమంతా చెలామణీ అవుతోంది. మన 'మట్టివాసన'కి ఉన్న సొగసు దానికి లేదనుకోండి, అది వేరే మాట.

ఆ నూనె రాతిది కాదనీ, గాలిలోంచి వచ్చి చేరిందనీ వాళ్లు తేల్చారు. మరి మట్టివాసన వేపపువ్వులాగో నిమ్మాకులాగో ఉండదేం? బంకమన్ను రేణువు ఉత్త సీటు మాత్రమే కాదు, చిన్నపాటి వంటగది కూడా. అంటుకున్న ఆవిర్లు వారాల తరబడి ఎండకీ గాలికీ ఆ రేణువు మీదే మారిపోతాయి. వంద రకాలు చేరి, నూట ఒకటో వాసనగా తయారవుతాయి.

ఈ ఇద్దరి వ్యాసంలో మనవాళ్ల ప్రస్తావన ఉండటం విశేషం. తాము కొత్తగా కనిపెట్టామనుకున్న పనిని ఉత్తరప్రదేశ్‌లో చదువు లేని పనివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారని వాళ్లు గుర్తించారు.

సీసాలో తొలకరి

కాన్పూరుకు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది కన్నౌజ్. ఒకప్పుడు హర్షవర్ధనుడి రాజధాని. ఇప్పుడు అత్తరు పట్టణం. గులాబీ, మల్లె, మొగలి అత్తర్లతో పాటు అక్కడ 'మిట్టీ అత్తరు' కూడా తయారవుతుంది. పేరుకు తగ్గట్టే మట్టిలోంచి తీసే అత్తరు.

మే, జూన్ నెలల్లో చెరువులు ఎండినప్పుడు అడుగున ఉన్న బంకమట్టిని తవ్వి తెస్తారు. బిళ్లలుగానో ముంతలుగానో చేసి, ఎండబెట్టి, ఆవంలో కాలుస్తారు. కాల్చడంతో మట్టిలో అంతకుముందున్న కుళ్లు వాసనలన్నీ పోతాయి. బెర్తులన్నీ ఖాళీ! వానలు రాకముందు ఆ వేడిగాలుల్లో ఉన్న కాస్త కాలంలోనే ఆ ఖాళీల్లోకి మళ్లీ ఆవిర్లు చేరతాయి. అందుకే ఈ పనికి ముదురు వేసవే ముహూర్తం.

ఆ పెంకుల్ని 'డేగ్' అనే పెద్ద రాగి గంగాళంలో వేసి నీళ్లు పోస్తారు. మూతపెట్టి అంచుల చుట్టూ మట్టి మెత్తి ఊపిరాడకుండా మూసేస్తారు. కింద కట్టెలో పిడకలో పెట్టి సన్నటి మంట. నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి పెంకుల్లోని వాసనను లేవదీసి, వెదురు గొట్టం గుండా రెండో పాత్రలోకి మోసుకెళుతుంది. దాని పేరు 'భప్కా'. పొడుగు మెడ రాగి పాత్ర అది. నీళ్లతొట్టెలో చల్లగా కూర్చుని ఉంటుంది. దాని అడుగున మంచిగంధం నూనె. ఆవిరి చల్లబడి నీరవుతుంది, వాసన గంధం నూనెను పట్టుకుంటుంది. తర్వాత నీటిని వంపేసి, గంధం నూనెలోకి కొత్త వాసన ఎక్కించడానికి మళ్లీ మొదటినుంచి.

ఇందులో ఉష్ణమాపకం లేదు, గడియారం లేదు. మంట ఎక్కువైతే మాడువాసన, తక్కువైతే ఆవిరే రాదు. భప్కా మెడను చేత్తో తాకి, ఎంత వేడెక్కిందో చూసి, పెంచాలో తగ్గించాలో చెబుతారు పనివాళ్లు. మంచిగంధం నూనె ధర ఆకాశాన్నంటడంతో ఇప్పుడు చాలామంది దానికి బదులు లిక్విడ్ పారఫిన్ వాడుతున్నారు. వాసన తెలిసిన ముక్కులు మాత్రం గంధం మీద తీసిన దాన్నే ఎంచుకుంటాయి.

పరిశోధనశాలలో బేర్, థామస్ చేసిందీ, కన్నౌజ్‌లో జరిగేదీ ఒకటే సూత్రం. ఎండినప్పుడు పట్టనివ్వు, నీటితో వదిలించు.

అది ఒక్కటే కాదు

మట్టివాసనలో ఇంకో ముఖ్య భాగస్వామి కూడా ఉంది. పేరు జియోస్మిన్. నేలలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. 1965లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియర్ దాన్ని విడదీసి చూపించారు. మన ముక్కు దీన్ని పసిగట్టడంలో మహా దిట్ట. లక్ష కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాలున్నా తెలిసిపోతుంది. బీట్‌రూట్ తిననని మొరాయించే పిల్లలు 'మట్టివాసన' అంటారు చూడండి, వాళ్ల మాట అక్షరాలా నిజం. అందులో ఉన్నదీ జియోస్మినే.

మరి ఇవన్నీ నేలమీంచి ముక్కుదాకా ఎలా ఎగురుతాయి? 2015లో ఎంఐటీ పరిశోధకులు యంగ్‌సూ జంగ్, కల్లెన్ బ్యూయీ వేగంగా ఫొటోలు తీసే కెమెరాతో చినుకుల్ని చూశారు. 28 రకాల నేలలూ ఉపరితలాలమీద దాదాపు 600 సార్లు. చినుకు పడగానే మట్టి సందుల్లోని గాలి బుడగలై చినుకులోంచి పైకి తన్నుకొచ్చింది. అవి పగిలి, గోలీసోడా నురగలా సన్నటి తుంపరను ఎగజిమ్మాయి. జల్లుగా పడే వానకే ఈ తుంపర ఎక్కువ, కుండపోతకి తక్కువ. నాలుగు చినుకులకు గుప్పుమన్నది, జోరువానకి మాయమైపోవడం మనకి తెలిసిన సంగతే కదా!

మట్టికి మంచీ చెడూ లేదు

ఇంతవరకూ కథ కమ్మగానే ఉంది. ఇక రెండోవైపు చూద్దాం.

మట్టిరేణువుకి మల్లెపూవు ఆవిరీ పురుగుమందు ఆవిరీ ఒకటే. బెర్తు ఖాళీ ఉంటే ఎవరొచ్చినా కూర్చోబెడుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే కర్బన పదార్థాల్లో పూలవాసనలే కాదు పెట్రోలు, రంగుల్లో కలిపే టర్పెంటైన్, కిళ్లీకొట్టువాడు గ్యాసు లైటర్లో నింపే ద్రవం, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు, డ్రైక్లీనింగ్ మందు, బెంజీన్... అన్నీ ఉన్నాయి.

1985లో అమెరికాకు చెందిన కేరీ చియు, థామస్ షూప్ ఈ విషయాన్నే కొలిచి చూశారు. ఒరెగాన్ రాష్ట్రంలోని వుడ్‌బర్న్ మట్టిని పూర్తిగా ఆరబెట్టి, బెంజీన్ జాతి ఆవిర్లను దానిమీదికి పంపారు. ఎండుమట్టి విపరీతంగా పట్టుకుంది. తర్వాత గాలిలో తేమ పెంచుతూ పోయారు. తేమ పెరిగేకొద్దీ పట్టు సడలింది. 90 శాతం తేమ దగ్గర మిగిలింది, ఎండుమట్టి పట్టుకున్నదాంట్లో చిన్న భాగమే. ఆ మిగిలిన కొంచెం కూడా ఖనిజరేణువుల మీద కాదు, మట్టిలో కుళ్లిన ఆకూ అలమూ అయిన సేంద్రియ పదార్థంలో కరిగి ఉంది. ఎండినప్పుడు ఒకలా, తడిసినప్పుడు ఇంకోలా... ఒకే మట్టికి రెండు స్వభావాలని ఆ ప్రయోగం తేల్చిచెప్పింది.

అంతకుముందే, 1969 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో స్పెన్సర్, క్లయత్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే ప్రశ్నను పొలం వైపునుంచి అడిగారు. మట్టిలో కలిపిన పురుగుమందు ఏ మేరకు ఆవిరవుతుందని. వాళ్లు తీసుకున్న మందుల్లో లిండేన్ ఒకటి. పేరు కొత్తగా ఉన్నా మనకి పాత చుట్టమే. నలభై యాభై ఏళ్లు దాటినవాళ్లకి 'గమాక్సిన్ పొడి' గుర్తుండే ఉంటుంది. చీమలు పట్టినా, చెదలు పట్టినా గోడల వెంబడి చల్లేవారు. ఆ పొడిలో పురుగును చంపే అసలు సరుకు లిండేనే. బీహెచ్‌సీగా పిలిచే ఆ పొడిని మనదేశంలో 1997లో నిషేధించారు. లిండేన్ వాడకం కూడా 2013లో ఆగిపోయింది.

స్పెన్సర్, క్లయత్ చూసిందేమిటంటే, మట్టిలో కాస్త తడి ఉన్నంతవరకూ మందు ఆవిరి దాదాపు ఒకే స్థాయిలో లేస్తోంది. రేణువు చుట్టూ ఉండే నీటిపొర ఒక్క అణువు మందానికి పల్చబడిందో, ఆవిరి ఒక్కసారిగా పడిపోతోంది. మందు పోయిందా? పోలేదు. మళ్లీ నీళ్లు చిలకరించగానే ఆవిరి తిరిగి లేచింది. మట్టి మందును కట్టిపడేసిందే తప్ప హరించలేదు.

ఈ ఒక్క సంగతి పొలం పనులు చేసేవాళ్లకు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? మందు కొట్టి వారమైంది. ఎండలు కాస్తున్నాయి. చేలోకి వెళితే వాసనే లేదు. 'ఘాటు పోయింది, ఇక పర్లేదు' అనుకుంటారు. ఆ సాయంత్రం ఓ జల్లు పడుతుంది, లేదా కాలవకు నీళ్లొస్తాయి. పొద్దున్నే కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లకి మళ్లీ ఘాటు తగులుతుంది. తలనొప్పిగా ఉందని ఎవరైనా అంటే 'నిన్నలేని వాసన ఇవాళెలా వస్తుంది, నీ భ్రమ' అంటారు. భ్రమ కాదు. వంగి పనిచేసేవాళ్ల ముక్కు నేలకి జానెడు దూరంలోనే ఉంటుంది. గట్టుమీద నిలబడి పురమాయించే మనిషికి తెలియనిది వాళ్లకి తెలుస్తుంది. అన్ని మందులూ ఇలా ఆవిరి కావు, ఆవిరయ్యే గుణం మందును బట్టి మారుతుంది. కానీ వాసన లేదు కాబట్టి మందు లేదనే లెక్క మాత్రం ఎండునేల మీద చెల్లదు. మందు కొట్టిన ఎన్నాళ్లకి చేలో దిగాలన్నది డబ్బామీది కాగితం చూసి తేల్చుకోవాల్సిందే, ముక్కుతో కాదు.

నేలకింద పెట్రోలు

పట్నాల్లో ఇదే కథకి పాత్రలు మారతాయి. పెట్రోలు బంకుల ట్యాంకులు నేలలోపల ఉంటాయి. ట్యాంకుకో గొట్టానికో చిల్లు పడితే కారిన పెట్రోలు కొంత కిందికి దిగుతుంది, కొంత ఆవిరై మట్టి సందుల్లో నలుదిక్కులా పాకుతుంది. పైన ఎండిన పొర ఉంటే దారిలో కొంత పట్టుకుంటుంది. బెర్తులన్నీ నిండాక మాత్రం వచ్చింది వచ్చినట్టు వదిలేస్తుంది.

ఇక వాన పడితే? ఇక్కడ వ్యవహారం కాస్త చిక్కుగా ఉంటుంది. జల్లు పడితే పైపొర పట్టు వదులుతుంది, వాసన లేస్తుంది. భారీవాన పడితే మట్టి సందులన్నీ నీటితో నిండిపోతాయి. నీటిగుండా ఆవిరి కదలిక గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మది. అంటే నేలకు మూత పడినట్టే. కిందున్న ఆవిరి పైకి రాలేక పక్కలకు జరుగుతుంది. పక్కన తడవని మట్టి ఎక్కడుంటుంది? ఇంటికింద! పైకప్పు ఉన్నచోట వాన పడదు కాబట్టి పునాదుల కింది మట్టి పొడిగా, సందులు తెరుచుకుని ఉంటుంది. ఆవిరికి అదే రాజమార్గం. సెల్లార్లలోకీ, లిఫ్టు గుంటల్లోకీ, నేల పగుళ్లలోంచి గదుల్లోకీ చేరుతుంది. ఇలా ఇళ్లలోకి చొరబడే నేల ఆవిర్లను ఎలా పరీక్షించాలో, ఎలా అడ్డుకోవాలో చెబుతూ అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2015లో పెద్ద మార్గదర్శకాలే విడుదల చేసింది. పెట్రోలు ట్యాంకుల కోసం విడిగా మరొకటి.

పెట్రోలు విషయంలో ఓ ఊరట ఉంది. దాని ఆవిర్లను తినేసే బ్యాక్టీరియా నేలలోనే ఉంటాయి. వాటికి కావాల్సింది గాలీ, కాస్త తడీ. చెమ్మనేల పెట్రోలును పట్టుకోదు కానీ అరిగించుకుంటుంది. ఎండునేల పట్టుకుంటుంది కానీ అరిగించుకోలేదు. డ్రైక్లీనింగ్ మందులాంటి క్లోరిన్ ఉన్న రసాయనాల మీద మాత్రం ఈ బ్యాక్టీరియా పప్పులు అంత తేలిగ్గా ఉడకవు.

పాదిరిగారి పొడిమట్టి

ఎండుమట్టి గుణాన్ని తెలిసి వాడుకున్నవాళ్లూ లేకపోలేదు. ఇంగ్లండులో హెన్రీ మూల్ అనే పాదిరి ఉండేవాడు. డోర్సెట్ ప్రాంతంలోని ఫోర్డింగ్టన్‌లో కలరా ఊళ్లను తుడిచిపెట్టడం కళ్లారా చూశాడు. గుంట మరుగుదొడ్ల కంపు భరించలేక, ఎండబెట్టి జల్లించిన మట్టిని మలం మీద చల్లి చూశాడు. వాసన పోయింది. దీంతో 1860లో పొడిమట్టి మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. వెనకాల పెట్టెలో పొడిమట్టి, పిడి లాగితే కాస్త మట్టి కిందపడుతుంది. వాడిన మట్టిని ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చని కూడా ఆయన గమనించాడు. తడిమట్టి వేస్తే మాత్రం లాభం లేదు. కారణం మీకిప్పుడు తెలుసు. వాసన పట్టడంతో పాటు మట్టిలోని సూక్ష్మజీవులు కూడా తమవంతు పని చేశాయనుకోండి.

1947లో అమెరికాలో ఎడ్ లోవ్ అనే వ్యాపారి పిల్లులు పెంచుకునేవాళ్లకి ఎండు బంకమట్టి గుళికలు సంచుల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. పిల్లి కాలకృత్యాల పెట్టెలో పోయడానికి. అదిప్పుడు కోట్ల డాలర్ల వ్యాపారం. ఆయన అమ్మిన మట్టి, మన ఆడవాళ్లు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి ఒకే కుటుంబం. ముఖం మీది జిడ్డును లాగేదీ ఆ గుణమే.

గింజకు తెలిసిన గుట్టు

బేర్, థామస్ జంట రాళ్లనుంచి తీసిన నూనెతో ఆగలేదు. ఆ నూనె మొక్కల్ని ఏం చేస్తుందో కూడా చూశారు. మొలకెత్తడానికి పెట్టిన గింజలకు దాన్ని తగిలిస్తే మొలక ఆలస్యమైంది, లేతమొక్క ఎదుగుదల మందగించింది. 1965లో ఈ ఫలితం కూడా 'నేచర్'లోనే వచ్చింది. కరవుకాలంలో నేలలో పోగైన ఈ నూనె, సరిపడా తడి లేకుండా గింజ తొందరపడి మొలకెత్తకుండా ఆపుతుందేమోనని వాళ్లు ఊహించారు. వాన గట్టిగా పడితే నూనె కొట్టుకుపోతుంది, గింజకు అడ్డు తొలగుతుంది.

మన రైతులు తొలి జల్లుకే విత్తనాలు చల్లరు. నేల పదునెక్కాలని, రెండో వాన చూడాలని ఆగుతారు. వాళ్లు చూసేది నాగలి చాలులోని తడి, వాసన కాదు. కానీ ఆ రెండో వాన నాటికి మట్టివాసన కూడా చాలామటుకు పోయి ఉంటుంది. మళ్లీ అంత వాసన కావాలంటే నేల ఎండాలి, గాలిలోంచి ఆవిర్లు వచ్చి చేరాలి. ఇంకో వేసవి దాకా ఆగాలి.